మెషిన్ లేకుండా గురక రోగంతో: నేను పెట్టి చూసినవి, ఖాతాలో రాసుకున్నవి

మూడేళ్ల కింద ఫిబ్రవరిలో, ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ జోరు మీదున్న రోజు, కాంటా పక్కన నిలబడి 43 కిలోల బస్తాను చిట్టాలో 34 అని రాశాను. రైతు చూసి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. "ఏంది సారూ, నా తొమ్మిది కిలోలు ఎటు పోయినయ్?" అన్నాడు. అవి ఎటూ పోలేదు. నేనే నిలబడి కునుకు తీశాను. 19 ఏళ్లుగా అడ్తి కొట్టులో గుమాస్తాని, అంకెలు తిరగేసి రాయడం అదే మొదటిసారి.

ఇంట్లో మా ఆవిడ అంతకు ఏడాది ముందు నుంచే చెబుతోంది. "నువ్వు గురక పెడితే నాకు భయం లేదు. గురక ఆగితేనే భయమైతది" అనేది. నేను నవ్వేసేవాణ్ణి. ఆ మాటలోనే రోగమంతా ఉందని హనుమకొండలో ఛాతీ డాక్టర్ దగ్గర కూర్చున్నాక గానీ తెలియలేదు.

నాకున్న రకం స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోవడం. 10 సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగితే ఒక లెక్క. పూర్తిగా ఆగకపోయినా గాలి బాగా తగ్గిపోతే అదీ లెక్కే. ఇలాంటివి గంటకు ఎన్ని వచ్చాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. 5 నుంచి 15 లోపు ఉంటే తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 నుంచి తీవ్రం. ఇంటికిచ్చిన చిన్న పెట్టెతో (ముక్కుకు గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు) ఒక రాత్రి పరీక్ష చేస్తే నాకు 27 వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 78 శాతానికి పడింది. రిపోర్టులో ఇంకో లైను ఉంది, దాన్ని చాలామంది చూడరు: వెల్లకిలా పడుకున్నప్పుడు 41, పక్కకు తిరిగినప్పుడు 12. తర్వాత నేను చేసినవన్నీ ఆ లైను పట్టుకుని చేసినవే.

మీ దగ్గర ఇలాంటి రిపోర్టు లేకపోతే ఇక్కడే ఆగి, ముందు పరీక్ష చేయించుకోండి. గురక యాప్‌లో గీతలు చూసి పరికరాలు కొనడం, కంట్లో నలుసు పడితే కాలికి కట్టు కట్టినట్టు ఉంటుంది.

మెషిన్ గురించి ముందే చెప్పేస్తాను

మెషిన్ అంటే సీప్యాప్, నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి ఊదేది. అది చెడ్డదని నేను అనను. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టర్ బృందం, ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చి గొంతు మూసుకోకుండా ఆపవచ్చని చూపించింది. ఈ రోజుకీ డాక్టర్లు మొదట రాసేది అదే. నేను నాలుగు నెలలు ప్రయత్నించాను. మాస్క్ పెట్టగానే ఊపిరాడనట్టు గాబరా, పొద్దున కడుపు నిండా గాలి, తేన్పులు. మాస్క్ మార్చాం, ఒత్తిడి తగ్గించాం, పడుకోక ముందు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోమన్నారు, అదీ చేశాను. రాత్రికి సగటున రెండున్నర గంటలు దాటలేదు. బీరువాలో ఉన్న మెషిన్ ఎవరికీ ఊపిరి పోయదు కదా.

అయితే మానేస్తున్నానని నేనే తీర్మానించుకోలేదు. డాక్టర్‌ని అడిగే చేశాను. ఆయన స్పష్టంగా చెప్పాడు: ఏహెచ్ఐ 30 దాటినవాళ్లు, ఆక్సిజన్ బాగా పడిపోయేవాళ్లు, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఈ దారిలోకి సొంతంగా రాకూడదు. లారీ, బస్సు నడిపేవాళ్లకైతే ఇంకా గట్టిగా చెబుతానన్నాడు. నాది మధ్యస్థం, వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువ, పళ్లు గట్టిగా ఉన్నాయి. అందుకే "చూద్దాం, కానీ లెక్క రాయాలి" అన్నాడు. లెక్క రాయమనడం నాకు వరమిచ్చినట్టే.

ముందు ఒక ఖాతా తెరవండి

పరికరం కొనేముందు పుస్తకం కొనండి. నాది ఎర్ర అట్ట, పొడుగు చిట్టా పుస్తకమే. ఒక్కో రాత్రికి ఒక అడ్డ వరుస. పడుకున్న టైము, ఏ వైపు, ఏ పరికరం, రాత్రి ఏం తిన్నాను, పొద్దున తలనొప్పి ఉందా, నోరు ఎండిందా, ఎన్నిసార్లు మూత్రానికి లేచాను, పగలు కునుకు వచ్చిందా. చివరి గడి మా ఆవిడది. గురకకు పదికి ఎన్ని మార్కులో ఆమె వేస్తుంది, చప్పుడు ఎంత తగ్గితే అన్ని ఎక్కువ.

వీటన్నిటికంటే ముఖ్యమైన గడి ఆక్సిజన్‌ది. కరోనా టైములో అందరం కొన్న వేలి క్లిప్పు దీనికి పనికిరాదు, అది అప్పటికప్పుడు చూపించి ఊరుకుంటుంది. రాత్రంతా రికార్డు చేసి పొద్దున ఫోన్‌లోకి పంపే రకం కావాలి. అందులో నేను చూసే అంకె ఒకటే: ఆక్సిజన్ 4 శాతం, అంతకు మించి పడిపోయింది గంటకు ఎన్నిసార్లు? ఇది ఏహెచ్ఐ కాదు, దానికి బదులూ కాదు. కానీ ఈ వారానికీ పోయిన వారానికీ తేడా చెబుతుంది. ఏమీ పెట్టకుండా నా వారం సగటు 22. అది నా పాత నిల్వ. అక్కడి నుంచి కూడిక, తీసివేత.

నియమాలు మూడే. ఒకేసారి ఒక్కటే మార్చాలి. ఒక్కోదానికి కనీసం ఏడు రాత్రులు ఇవ్వాలి. జలుబు చేసిన రాత్రి, పెళ్లికి పోయి కల్లో మందో తాగిన రాత్రి లెక్కలోకి రాదు, గీత కొట్టేయాలి. బస్తా పైన ఒక్క గుప్పెడు మచ్చు తీసి లాటంతటికీ ధర కడితే ఏమవుతుందో మార్కెట్లో రోజూ చూస్తాను. ఒక్క మంచి రాత్రి చూసి పరికరం భలే ఉందనుకోవడమూ అదే రకం మోసం, మనకు మనమే చేసుకునేది.

వీపు మీద బంతి

ఖర్చు లేనిది ముందు. మా ఆవిడ పాత బనియన్ వెనక, రెండు భుజాల మధ్య జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టింది. వెల్లకిలా తిరగ్గానే గుచ్చుకుని పక్కకు తిరగాలని. మూడో రాత్రికి బనియన్ పక్కకు జారి బంతి చంక కిందకు వచ్చింది, నేను హాయిగా వెల్లకిలా పడుకున్నాను. తర్వాత మా చిన్నోడి పాత స్కూలు బ్యాగులో దుప్పటి చుట్టి కుక్కి, ఛాతీ ముందు కూడా పట్టీ వేసి తగిలించుకున్నాను. చూసినవాళ్లు నవ్వారు గానీ అది పక్కకు జారలేదు. గంటకు 22 పడిపోవడాలు 11కి వచ్చాయి.

మీ రిపోర్టులో వెల్లకిలా అంకె, పక్కకు అంకెకు రెట్టింపో అంతకంటే ఎక్కువో ఉంటే ఇది మీకు పని చేసే అవకాశం బాగా ఉంది. రెండూ దాదాపు ఒకటే అయితే బ్యాగు మోయడం దండగ. ఒక మాట: పక్కకు పడుకున్నప్పుడు దిండు పలచగా ఉంటే భుజం పట్టేస్తుంది. చెవికీ భుజం అంచుకీ మధ్య ఖాళీ ఎంతో అంత మందం దిండు ఉండాలి. రెండు నెలల్లో శరీరానికి అలవాటైంది, ఇప్పుడు బ్యాగు లేకుండానే ఎక్కువసేపు పక్కకే ఉంటున్నాను.

ముక్కు దారి

నాలాగా మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ముక్కు మన సొంతం కాదు. తేజ రకం బస్తాలు దించే రోజు తుమ్ములే తుమ్ములు. చపాట రోజు కొంచెం సెలవు, దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకుంటుంది, నోరు తెరుచుకుంటే దవడ వెనక్కి వాలుతుంది, నాలుక గొంతు మీద పడుతుంది. అందుకే ఏ పరికరం పెట్టినా ముందు ముక్కు దారి చూసుకోవాలి.

సాయంత్రం ఇంటికి రాగానే ఉప్పు నీళ్లతో ముక్కు కడుగుతాను. నల్లా నీళ్లు నేరుగా వాడకండి, మరిగించి చల్లార్చినవే వాడాలి. ఈఎన్‌టీ డాక్టర్ రాసిచ్చిన స్ప్రే కొట్టేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుకు కొట్టాలి. లేకపోతే గోడ ఎండి రక్తం వస్తుంది.

ముక్కు మీద అంటించే పట్టీలు కూడా వాడాను. ఇక్కడే నాకు మొదటి పాఠం. ఆ వారం మా ఆవిడ మార్కులు పదికి ఎనిమిది, తొమ్మిది. "ఇల్లు చల్లగుంది" అంది. నేను ఖుషీ. క్లిప్పు రికార్డు తీసి చూస్తే 21. చప్పుడు తగ్గింది, ఆగడం తగ్గలేదు. మా ఆవిడ మొదట్లో చెప్పిన మాటే మళ్లీ వచ్చి ముందు నిలబడింది. ఆ రోజు నుంచి ఖాతాలో గురక గడికి, ఆక్సిజన్ గడికి మధ్య ఎర్ర సిరాతో గీత గీశాను. ఎవరైనా మీకు ఏదైనా పరికరం చూపించి "దీనితో గురక పోయింది" అంటే, రెండో గడి ఎక్కడ అని అడగండి.

వేడి నీళ్లలో ముంచి కొరికేది

ఆన్‌లైన్‌లో 1,400కి తెప్పించాను. పై పళ్లకు, కింది పళ్లకు కలిపి ఒకే తొడుగు. కింది దవడను కాస్త ముందుకు లాగి పట్టుకుంటే నాలుక కూడా ముందుకు వస్తుంది, గొంతు వెనక జాగా పెరుగుతుంది, అదీ ఉపాయం. పాలగిన్నెలో నీళ్లు కాచి, కాగితం మీద రాసినన్ని సెకన్లు ముంచి, తీసి, దవడ ముందుకు పెట్టి కొరికాను. కానీ ఎంత ముందుకు? కాగితం "సౌకర్యంగా ఉన్నంత" అంటుంది. అద్దం ముందు నిలబడి ఊహించి కొరికాను. ఒకవైపు ఎక్కువ దిగింది, ఇంకోవైపు తక్కువ. మళ్లీ ముంచాను. మూడోసారికి అంచులు అట్టు అంచుల్లా వంకర్లు పోయాయి.

తొమ్మిది రాత్రులు పెట్టాను. ఐదు రాత్రులు దిండు కింద దొరికింది, ఒక రాత్రి మంచం కింద. ముందు పళ్లు రెండు సలిపాయి. అంకె 17, 19, 16, ఒక తీరు లేదు. ఇది పని చేయకపోతే దవడ పరికరాలే పని చేయవు అనుకోకండి. నేను అలాగే అనుకుని ఐదు నెలలు పోగొట్టుకున్నాను.

నాలుకను పట్టే బుడగ

మెత్తటి సిలికాన్‌తో చేసిన బుడగ. పెదాల బయట ఆనుకుంటుంది. బుడగను వేళ్లతో నొక్కి, నాలుక కొస లోపల పెట్టి, వేళ్లు వదిలితే గాలి పీల్చుకుని నాలుకను ముందుకు పట్టుకుంటుంది. పళ్లు లేనివాళ్లు, కట్టుడు పళ్లవాళ్లు కూడా వాడగలిగేది ఇదే. నాకు మొదటి మూడు గంటలు బాగానే ఉండేది, తర్వాత జారిపోయేది. దిండు నిండా చొంగ. నాలుక కొస ఎంత మంటగా ఉండేదంటే పొద్దున చాయ్ చల్లార్చుకుని తాగాను, అది నా జీవితంలో ఎప్పుడూ చేయని పని. బుడగ ఉన్న గంటల వరకే లెక్కేస్తే అంకె 12. అంటే పద్ధతి తప్పు కాదు, నా నాలుకకు పడలేదు. గట్టిగా నొక్కి ఎక్కువ గాలి తీయడం తప్పని ఆలస్యంగా తెలిసింది. బుడగ ఊడిపోకుండా ఉండేంత పట్టు చాలు.

ముక్కులోంచి గొంతు దాకా గొట్టం

దీని గురించి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఆపరేషన్ థియేటర్లో, ఎమర్జెన్సీలో వాడే మెత్తటి గొట్టం ఇది. ఒక కొస సన్నాయి నోరులా వెడల్పుగా ఉంటుంది, ముక్కు లోపలికి జారిపోకుండా. రెండో కొస మెత్తటి అంగిలి దాటి కొండనాలుక వెనకకు పోతుంది. పుట్టుకతో దవడ చిన్నగా ఉన్న పసిపిల్లల్లో శ్వాస దారి నిలబెట్టడానికి కూడా వాడతారు. పెద్దవాళ్లు రాత్రిపూట ఇంట్లో పెట్టుకోవడం అరుదు. నాకు కుతూహలం.

ఈఎన్‌టీ డాక్టర్ మొదట సన్నటి కెమెరా పెట్టి ముక్కు లోపల చూశాడు. మధ్య గోడ ఎడమకు వంకర ఉంది, కాబట్టి కుడి ముక్కు. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా గొట్టాన్ని ముఖం పక్కన పెట్టి పొడవు కొలిచాడు. పొట్టిదైతే అంగిలి దాటదు, పొడుగుదైతే గొంతులో తగిలి దగ్గు, వాంతి. మొద్దు చేసే జెల్ రాసి, ముక్కు పైకి కాకుండా తలకు అడ్డంగా, నేల మీద పాకించినట్టు తిన్నగా వెనక్కి నెమ్మదిగా తోశాడు. ఒక చోట ఆగింది. ఆయన బలవంతం చేయలేదు, కొంచెం తిప్పి వదిలాడు, జారింది. కళ్లలో నీళ్లు, గొంతులో మింగని మెతుకు ఉన్నట్టు. గాలి మాత్రం ఈల వేసినట్టు వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి, అంత తేలికగా గాలి పీల్చి ఏళ్లయింది.

క్లినిక్‌లో రెండుసార్లు ఆయన ముందే నేను పెట్టుకుని తీశాక ఇంటికి ఇచ్చాడు. నాలుగు రాత్రులు. మొదటి రాత్రి నాలుగు గంటలు, అంకె 9. మూడో రాత్రి కొంచెం రక్తపు చార. నాలుగో రోజు యార్డుకు రెండు లారీల తేజ వచ్చింది. ఆ రాత్రి గొట్టం పెట్టబోతే ముక్కు లోపల నిప్పు పెట్టినట్టయి, దిండు మీద రక్తం. మానేశాను. మా బావకు గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడతాడు. "నాకూ ఒకటి చెప్పు బావా" అంటే చేతులెత్తి దండం పెట్టాను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్లు, ముక్కు నుంచి తరచూ రక్తం వచ్చేవాళ్లు, ముఖానికో తలకో దెబ్బ తగిలి ఎముక విరిగినవాళ్లు దీని జోలికి పోవద్దు. మెడికల్ ఏజెన్సీలో గొట్టం దొరికింది కదా అని వీడియో చూసి ఇంట్లో తోసుకోవద్దు. డాక్టర్ చేతికి ఎక్కడ ఆగాలో తెలుసు, మన చేతికి తెలియదు.

ముక్కు రంధ్రాలకు పెట్టే చిన్న కవాటాలు కూడా ఉన్నాయి. గాలి లోపలికి సులువుగా పోనిస్తాయి, బయటికి వచ్చేటప్పుడు అడ్డుపడతాయి, ఆ వెనక ఒత్తిడితో గొంతు తెరిచి ఉంటుంది. మిరప ముక్కుతో నాకు సాధ్యం కాదని డాక్టర్ ముందే కొట్టేశాడు.

కొలతకు చేయించిన దవడ పరికరం

నాకు పనికొచ్చింది ఇదే, కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

ఛాతీ డాక్టర్ చీటీ రాసి, ఈ పని చేసే పళ్ల డాక్టర్ దగ్గరకు పంపాడు. ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మాట: "పై భాగం, కింది భాగం వేరుగా ఉండి, దవడను కొద్దికొద్దిగా ముందుకు జరిపే వీలున్న పరికరం చేస్తారా?" అని. రాత్రి పళ్లు కొరికేవాళ్లకు ఇచ్చే తొడుగు వేరు, అది దవడను కదిలించదు. నేను అడిగిన మొదటి చోట అదే ఇవ్వబోయారు.

పళ్ల డాక్టరమ్మ మొదటి రోజు నోట్లో మూడు చూసింది. గట్టి పళ్లు పైనా కిందా కనీసం ఎనిమిదేసి ఉన్నాయా. చిగుళ్లు బాగున్నాయా, పళ్లు కదులుతున్నాయా. చెవి ముందున్న దవడ కీలు నోరు తెరిస్తే టక్కుమంటోందా, నొప్పి ఉందా. నాకు ఒక పన్ను పుచ్చింది, ముందు అది నింపి రమ్మంది. పరికరం చేయించాక పన్ను ఆకారం మారితే పరికరం కూర్చోదు, అందుకని.

రెండో రోజు అచ్చులు. గులాబీ రంగు ముద్దను రేకులో పెట్టి పైకి నొక్కింది, అంగిలి మీద పాకుతుంటే వాంతి వచ్చేట్టు ఉంటుంది. ముక్కుతో ఊపిరి తీస్తూ కాలి బొటనవేలు ఆడిస్తే మనసు మళ్లుతుందని ఆమె చెప్పిన చిట్కా. నిజంగానే పని చేసింది. తర్వాత గీతలున్న చిన్న కొలబద్ద పళ్ల మధ్య పెట్టి, దవడ పూర్తిగా వెనక నుంచి పూర్తిగా ముందుకు ఎంత వస్తుందో చూసింది. నాకు 10 మిల్లీమీటర్లు. అందులో సగం, 5 దగ్గర మొదలుపెడదాం అంది. మొదటి రోజే ఎక్కువ లాగితే కీలు పట్టేసి మనిషి పరికరాన్ని మూలన పడేస్తాడట.

రెండు వారాలకు వచ్చింది. నాకు 32,000 పడింది. రెండు అక్రిలిక్ తొడుగులు, రెండు పక్కలా చిన్న మరలు, తిప్పడానికి సూదంత తాళం చెవి. నా దాంట్లో ఒక తిప్పుకు పావు మిల్లీమీటరు. మొదటి వారం నోటి నిండా ఊటలు, పొద్దున బుగ్గల దగ్గర సలుపు. రెండో వారానికి తగ్గాయి.

5 దగ్గర పెట్టిన మొదటి వారమే గురక పోయింది. పూర్తిగా. మా ఆవిడ పదికి పది వేసి పక్కన నవ్వు బొమ్మ గీసింది. ఇక్కడ నేను ఆపేసి ఉంటే ఈ రాత అక్కర్లేదు. రెండో గడిలో అంకె 13. ఏమీ పెట్టని 22 కంటే మేలే గానీ బ్యాగుతో వచ్చిన 11 కంటే ఎక్కువ. గొంతు మూసుకోవడం ఇంకా ఉంది, చప్పుడే లేదు. కాబట్టి వారానికి రెండు తిప్పులు, రెండు వైపులా సమానంగా. 5.5, 6, 6.5. కీలు నొప్పి వస్తే ఒక తిప్పు వెనక్కి, నాలుగు రోజులు ఆగి మళ్లీ ముందుకు. 7.5 దగ్గర, పక్కకు పడుకుంటే గంటకు 5కి వచ్చింది. 8కి జరిపితే అంకె తగ్గలేదు, నొప్పి పెరిగింది. 7.5కి వెనక్కి వచ్చి ఆగాను. ఎడమ వైపు ఎన్ని తిప్పులు, కుడి వైపు ఎన్ని అన్నది తప్పక రాసుకోండి. ఒకవైపు మరిచిపోతే దవడ వంకరగా లాగుతుంది, నాకు ఒకసారి అయింది, రెండు రోజులు జొన్న రొట్టె నమలలేకపోయాను.

అంకె కుదిరాక పరికరం నోట్లో ఉండగానే మళ్లీ అదే పెట్టె పరీక్ష. ఏహెచ్ఐ 8, అతి తక్కువ ఆక్సిజన్ 88. డాక్టర్ "సున్నా కాదు, కానీ ఒప్పుకుంటాను" అన్నాడు. ఈ పరీక్ష లేకుండా మన క్లిప్పు అంకెతో సరిపెట్టుకోకూడదు. మెషిన్ సరిగా వాడగలిగితే ఏహెచ్ఐని ఇంతకంటే కిందికి దించుతుంది. దవడ పరికరానికి ఉన్న బలం ఏమిటంటే మనిషి దాన్ని రాత్రంతా పెట్టుకుంటాడు.

దాంతో కాపురం

పొద్దున తీయగానే వెనక పళ్లు కలవవు, కింది వరుస ముందుకు వచ్చినట్టు ఉంటుంది. భయపడకండి. పళ్ల డాక్టరమ్మ ఇచ్చిన చిన్న బిళ్ల కొరికి పది, పదిహేను నిమిషాలు ఉంటే దవడ తన చోటికి వస్తుంది. నేను ఆ టైములో పాలు తెస్తాను. మొదటి సంక్రాంతికి మాత్రం తొందరపడి బిళ్ల కొరక్కుండానే సకినాలు కొరికాను, చెవి దాకా లాగింది. ఏళ్లు గడిస్తే పళ్ల వరుస కొంచెం మారే అవకాశం ఉంది, అందుకే ఆరు నెలలకోసారి పళ్ల డాక్టర్‌కు చూపించాలి.

చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్షు, కొంచెం సబ్బు. టూత్‌పేస్టు వద్దు, గరుకుకు గీతలు పడి వాసన పడుతుంది. వేడి నీళ్లు అసలు వద్దు. మే నెలలో కాజీపేట స్టేషన్‌కు చుట్టాన్ని తేవడానికి పోయి, పరికరం డబ్బా బండి డిక్కీలోనే మరిచిపోయాను. మధ్యాహ్నం ఎండ. సాయంత్రం తీస్తే పై తొడుగు ఒక పక్క లేచింది. సరిచేయడానికి మళ్లీ అచ్చు, 6,000. మన ఎండలకు ఆ డబ్బా చోటు ఇంట్లోనే, కుక్కకూ పిల్లలకూ అందని చోట.

నోటికి టేపు అంటించుకునే పిచ్చి ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. పరీక్ష చేయించుకోని ఆప్నియా ఉండి, ముక్కు మూసుకుపోయే మనిషి నోరు కూడా మూసుకుంటే ఇక గాలికి దారేది? నిద్ర మాత్రలు, రాత్రిపూట మద్యం గొంతును ఇంకా వదులు చేస్తాయి. బరువు విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను 84 నుంచి 78కి వచ్చాను, అంకెల్లో కొంత పుణ్యం దానిదే. లావుగా ఉన్న పెద్దవాళ్లలో మధ్యస్థ, తీవ్ర స్థాయి ఆప్నియాకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. అది మీ డాక్టర్‌తో మాట్లాడాల్సిన సంగతి. నాలుక నరానికి కరెంటు ఇచ్చే పరికరం ఆపరేషన్‌తో పెట్టేది, నా జేబుకూ నా అవసరానికీ దూరం.

మెషిన్ అమ్మలేదు. జలుబు చేసి పరికరం పెట్టుకోలేని రాత్రుల కోసం, ఎప్పుడైనా ఆపరేషన్ పడితే ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఉంచమన్నారు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్‌కు ఆప్నియా సంగతి తప్పక చెప్పాలి.

పోయినసారి పరీక్ష వానాకాలంలో చేశారు, ముక్కు తెరిపిగా ఉన్న రోజుల్లో. ఏడాది పరీక్ష ఇప్పుడు మళ్లీ పడింది. ఈసారి ఫిబ్రవరిలో పెట్టమని అడిగాను, యార్డు నిండా తేజ ఉన్నప్పుడు. డాక్టర్ క్యాలెండర్ తిప్పి, శనివారం పెట్టె వచ్చి తీసుకుపొమ్మన్నాడు.